మూరకు మించి అడగొద్దు

నాకు జరిగిన అవమానాలు నేను మర్చిపోను. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. గుంటూరులో పెళ్ళి మంటపాలకు పూల అలంకరణ చేస్తూ నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఏ పెళ్ళిలో నన్ను ఆఖరి పంక్తిలో కూర్చోబెట్టారో, ఎవరు అందరి ముందూ చిటికె వేసి "ఏమయ్యా పూలబ్బాయ్" అని పిలిచారో అడగండి, ఇప్పటికీ వరసగా చెప్తాను. "ఈ జ్ఞాపకశక్తి సరుకులు తెచ్చేటప్పుడు ఉంటే బాగుండేది" అంటుంది మా ఆవిడ. అదీ గుర్తుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మంటపం ఎలా ఉండబోతోందో పెళ్ళికి ముందే ఫోన్లో బొమ్మ గీసి చూపించగలిగినవాళ్ళు. "మీరు మర్చిపోలేని పెళ్ళి ఏదండీ?" అని అడుగుతారు. నాకు శాలువా కప్పిన పెళ్ళేదో చెప్తానని వాళ్ళ ఆశ. నాకెవరూ శాలువా కప్పలేదు. నాతో ఒక్క మాట చెప్పకుండా నా పూలు ఎత్తుకుపోయిన పెళ్ళి ఒకటుంది. అది చెప్తాను. ఆ రోజు నాకు ఎదురుపడ్డ మనుషుల్లో సగం మంది మీద ఇప్పటికీ కోపమే. అయినా వాళ్ళ గురించి రాయకుండా ఊరుకోలేను. అంత గొప్పగా ప్రవర్తించారు.

మిర్చి వ్యాపారం చేసే ఇల్లది. పెళ్ళికూతురికి చిన్నప్పటి నుంచీ ఆయాసం. మిర్చి ఇంట్లో పుట్టి మిర్చి ఘాటు పడని పిల్ల. కల్లాల్లో కాయలు ఎండబోసే రోజుల్లో ఆ అమ్మాయిని అమ్మమ్మ గారింటికి పంపేసేవారు. ఆ ఇంట్లో దేవుడి దగ్గర అగరొత్తి కూడా వెలిగించరు. పెళ్ళేమో మార్గశిరంలో, ధనుర్మాసం మొదలవకముందు ఆఖరి మంచి ముహూర్తం. చలి, పొద్దున్నే మంచు. ఆయాసం ఉన్నవాళ్ళకి అసలే గడ్డు కాలం.

మాట్లాడుకోవడానికి వెళ్తే వాళ్ళమ్మ గారు నేను కూర్చోకముందే తేల్చేశారు. "మంటపానికీ, దండలకీ, జడకీ అన్నీ గుడ్డపూలే పెట్టండి. ఫోటోల్లో ఎవరికీ తేడా తెలీదు."

లోపలి నుంచి అమ్మాయి వచ్చింది. సన్నగా, గట్టి పిల్ల. "పెళ్ళి ఫోటోలకి కాదమ్మా, నాకు" అంది. "స్కూల్లో పండగలప్పుడు అందరూ పూలు పెట్టుకొస్తే నేను ఆ చివర బెంచీలో కూచునేదాన్ని. ఈ ఒక్క రోజైనా నాకు నిజం పూలజడ వెయ్యండి. అంతకన్నా ఏమీ అడగను."

తల్లీకూతుళ్ళ వాదన చాలాసేపు సాగింది. చివరికి తల్లి ఒక షరతు మీద దిగొచ్చింది. పడే పూలేవో ముందే చూసుకోవాలి. పెళ్ళిరోజు ఒక్కసారి దగ్గు వచ్చినా మారుమాట లేకుండా గుడ్డపూలే. ఆ పెట్టె కొని సిద్ధంగా ఉంచుతానంది.

మా దగ్గర దండలు కట్టే ఆడవాళ్ళకు పెద్ద ఒకావిడ ఉండేది. పొన్నూరు దగ్గర పల్లె నుంచి వచ్చేది. అందరం పూలక్క అని పిలిచేవాళ్ళం. నా అవమానాల జాబితాలో ఆవిడ వాటా తక్కువేం కాదు. నోరు అలాంటిది. ఆ చేతుల సంగతి కూడా చెప్పాలి. ఆవిడ కట్టిన దండ పెళ్ళయి అప్పగింతలు జరిగేదాకా ఒక్క రేక రాల్చేది కాదు. పూలక్క ఒక బుట్టలో రకరకాల పూలు తెచ్చి వరండాలో కూర్చుంది. పెళ్ళికూతురు ఎదురుగా కుర్చీలో ఒక చేత్తో ఇన్‌హేలర్ పట్టుకుని కూర్చుంది.

లిల్లీ ముక్కు దగ్గర పెట్టుకోగానే దగ్గు తెర. మేం కంగారు పడ్డాం. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని, మందు పీల్చి, ఊపిరి తనంతట తాను సర్దుకునేదాకా ఆగింది. తర్వాత కళ్ళు తెరిచి "తర్వాతది" అంది.

మరువం. మళ్ళీ దగ్గు, కళ్ళ నీళ్ళు. మళ్ళీ ఆగింది. "తర్వాతది."

నా సర్వీసులో ఎంతోమంది పెళ్ళికూతుళ్ళను చూశాను. ఫోన్లో బొమ్మ చూసి పూలు ఎంచుకుంటారు. తన ఊపిరితో ఎంచుకున్న పిల్లను మాత్రం ఆ ఒక్కసారే చూశాను. చివరికి తెల్ల చామంతి, వాసన లేని కనకాంబరం, కాగడాలు నెగ్గాయి. కాగడాలంటే చలికాలంలో పూసే మల్లెజాతి మొగ్గలు. అసలు మల్లెలు వేసవి దాకా రావు కదా. కాగడా మొగ్గను చాలాసేపు ముక్కు దగ్గరే పెట్టుకుని, "ఇది చాలా బాగుంది పెద్దమ్మా" అని పూలక్కతో అంది. పూలక్క ఆ మొగ్గను మళ్ళీ బుట్టలో వెయ్యకుండా తన కొంగున ముడేసుకుంది.

పెళ్ళి ముందు రోజు పూలు వచ్చాయి. కల్యాణ మంటపం వెనక గదిలో పెట్టెలు దించి, తడిబట్టలు కప్పించి, భోజనానికి ఇంటికి వెళ్ళాను. నేను లేని సమయంలో పెళ్ళికూతురి బాబాయి గారు అక్కడికి వచ్చారు. భారీ మనిషి, మిర్చి యార్డులో ఆయన గొంతు పెంచితే నలుగురూ తలలు తిప్పి చూస్తారు. అన్న కూతురంటే ప్రాణం. ఆ గది గోడ అవతలే వంటవాళ్ళ పొయ్యిలు. గోడ వెచ్చగా తగిలిందట. పూలు వాడిపోతాయని ఆయనకు బెంగ పట్టుకుంది. పెట్టెలన్నీ బండికెక్కించి, తన కోల్డ్ స్టోరేజీలో పెట్టించారు. నాకొక ఫోన్ చెయ్యొచ్చు. చెయ్యలేదు. ఎవరి పూలు, ఎవరి పని అని ఒక్కసారి కూడా అనుకోలేదు. నేను తిరిగొచ్చేసరికి గది ఖాళీ; బాబాయి గారు ఎక్కడో చల్లటి చోట పెట్టించారట, పొద్దున్నే వస్తాయని వంటవాళ్ళు చెప్పారు.

తెల్లారాక పెట్టెలు తిరిగొచ్చాయి. బాబాయి గారి మొహం వెలిగిపోతోంది. "చూశారా డెకరేషన్ గారూ! ఏసీలో పడుకుని లేచినట్టున్నాయి!"

ఉన్న మాట చెప్పాలి. పూలు అప్పుడే కోసినట్టున్నాయి. చామంతుల మీద తడి కూడా ఆరలేదు. కోపం దిగమింగుకుని పెట్టెలు ఆడవాళ్ళ ముందు పెట్టించాను. అరటినార తీసి దండ మొదలుపెట్టారో లేదో, పూలక్క తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. పమిటతో కళ్ళు ఒత్తుకుని నా వైపు చూస్తే, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆపండే! ఎవరూ ముట్టుకోకండి" అని కేకేసింది. "ఏవయ్యా, ఈ పూలు ఎక్కడ పెట్టారు?"

"నా కోల్డ్ స్టోరేజీలోనమ్మా" అన్నారు బాబాయి గారు, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ.

"మిర్చి పెట్టే దాంట్లోనా?"

"ఆ గదిలో ఇప్పుడు బస్తాల్లేవుగా. అన్నీ తీసేసి కడిగించాం కూడా."

"ఘాటు కొడుతున్నాయి బాబూ!"

బాబాయి గారు ఒక చామంతి తీసి గట్టిగా పీల్చారు. "ఘాటా? ఎక్కడా? నాకేం రావట్లేదే." పువ్వు నాకిచ్చారు. నేనూ పీల్చాను. నాకూ ఏమీ తెలియలేదు.

పూలక్క మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మీ గుంటూరోళ్ళకి దేవుడు ముక్కులిచ్చింది కళ్ళజోడు నిలబెట్టుకోటానికి" అంది. అక్కడ కళ్ళజోడు పెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. "రేక నాలిక మీద పెట్టుకోండి. పెట్టుకోండి, ఫర్లేదు."

బాబాయి గారు పెట్టుకున్నారు. కాసేపు నమిలారు. మొహంలో వెలుగు మెల్లగా ఆరిపోయింది. "కాస్త... కారంగానే ఉంది" అన్నారు.

మిర్చి మధ్య బతికేవాళ్ళం. గాలిలో ఉన్న ఘాటు మాకు గాలిలాగే అయిపోయింది. ఖాళీ చేసిన గది గోడల్లో, ఫ్యాన్లలో దాక్కున్న పొడి, తడిపూల మీద వాలి పట్టేసింది. అప్పటికే ఆడవాళ్ళ వేళ్ళు మండుతున్నాయి. ఈ పూలతో ఆ పిల్లకు జడ వేస్తే ఏమవుతుందో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. బాబాయి గారు అక్కడే మెట్టు మీద కూలబడి తల పట్టుకున్నారు.

కబురు తల్లికి చేరింది. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. గుడ్డపూల పెట్టె తెచ్చి మా మధ్య పెట్టి, "జడ వేసే వేళకి చెప్పండి" అని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

పూల మార్కెట్‌కి ఫోన్ చేశాను. ఆఖరి ముహూర్తం, తెల్లవారకుండానే సరుకంతా పోయింది, మంచు వల్ల దారిలో ఆగిపోయిన లోడు సాయంత్రానికి గానీ రాదు. పెళ్ళి సాయంత్రమే.

"ఊళ్ళో ఉన్న పెళ్ళిళ్ళన్నిట్లో పూలున్నాయి" అంది పూలక్క. "వెళ్ళి అడుగు."

"ఎవర్ని?"

"అందర్నీ. నీ తోటి డెకరేషన్ వాళ్ళనీ, పూల వ్యాపారులనీ."

"వాళ్ళలో నేను మాట్లాడేవాడు ఒక్కడూ లేడక్కా."

"అదే మంచిది. ఎప్పుడూ అడగనివాడు అడిగితే కాదనరు. ఒకటే మాట, మూరకు మించి అడగొద్దు. గంప అడిగితే అది బేరం. పెళ్ళికూతురికి మూర పూలంటే ఏ పెళ్ళింట్లోనూ లేదనరు."

"నువ్వు రావచ్చుగా?"

"ఈ కారప్పూల పెట్టెలన్నీ ఎవరు పారబోయిస్తారు, మీ తాతా? నాకు మోకాళ్ళు నెప్పులు. నీకు కాళ్ళున్నాయి. పో!"

బాబాయి గారు మోటార్ సైకిల్ తీశారు. పెళ్ళివారి పట్టుచొక్కాలో ఆయన, వెనక నేను.

మొదటి గుమ్మం నా పాత భాగస్వామిది. నేను జ్వరంతో పడుకున్న రోజుల్లో మా ఇద్దరి బోర్డు మీద నా పేరు ఒక్కటే సున్నం పూసి చెరిపేసిన మనిషి. ఆ రోజు ఇంకో కల్యాణ మంటపంలో నిచ్చెన మీద ఉన్నాడు. పైనుంచి చూశాడు.

"ఎవర్రా అది? నువ్వా? నా కళ్ళే మసకబారాయనుకున్నా."

"కాగడాలు కావాలి" అన్నాను.

"ఏంటీ?"

"మూర. పెళ్ళికూతురికి."

నేనింకా గొంతు సర్దుకుంటుండగానే బాబాయి గారు ముందుకొచ్చి చేతులు జోడించారు. "తప్పు నాదండీ. పూలు తీసుకెళ్ళి మిర్చి గదిలో పెట్టాను. మా పాపకి ఆయాసం."

నా పాత భాగస్వామి నిచ్చెన పట్టుకుని నవ్వాడు. నిచ్చెన ఊగింది. "మిర్చి గదిలోనా! ఒరేయ్, ఇంక ఈ జన్మకి నాకిది చాలురా." నవ్వుతూనే కిందికి దిగి, తన ఆడవాళ్ళ వైపు తిరిగి, "ఆ గుమ్మానికి కట్టే కాగడాలు ఇటు పట్రండి" అన్నాడు.

"మూర చాలు" అన్నాను.

"నోర్మూసుకుని పట్టుకెళ్ళు. గుమ్మానికి మామిడాకులు కడతా. గుమ్మం పెళ్ళి చేసుకోదుగా."

బోర్డు గురించి ఒక్క ముక్క అనలేదు. టైము లేక నేనూ అడగలేదు. అది ఇంకా బాకీ ఉంది. కానీ గుమ్మాన్ని బోడిగా వదిలి, ఆ పెళ్ళివారి చేత మాట పడటానికి సిద్ధపడి పూలు ఇచ్చాడే, అది కూడా నేనే చూశాను. రెండూ రాస్తున్నాను.

రెండో గుమ్మం పూల మార్కెట్‌లో పెద్ద వ్యాపారి ఇల్లు. ఒకసారి మార్కెట్ మొత్తం వినేలా, "ఈయనకి పూలు అమ్మకండి, వాడిపోయాక వాపసు తెస్తాడు" అన్న మనిషి. అప్పటి నుంచి నేను ఆ వరసలో నడవలేదు. వెళ్ళేసరికి ఇంటి ముందు షామియానా. ఆయన మేనల్లుడి నిఖా కూడా ఆ రోజేనట. పెళ్ళికొడుకు మొహం ముందు వేలాడే పూలసరాల సెహరా లోపల ఆడవాళ్ళు కడుతున్నారు.

"రండి రండి! ఎన్నేళ్ళకి! సేమ్యా తిని కదలాలి" అని ఎదురొచ్చాడు. బాబాయి గారు మళ్ళీ చేతులు జోడించి, "తప్పు నాదండీ" అంటూ మొదలుపెట్టారు. ఆయన మొత్తం వినలేదు. "పెళ్ళికూతురికి పూలు లేవంటే ఇంక మాట్లాడేదేముంది" అని లోపలికి కేకేశాడు. "చెల్లెమ్మా! సెహరాకు తీసిన కాగడాల్లోంచి ఇవ్వు."

తెర వెనక నుంచి ఆడగొంతు వచ్చింది. "ఆయాసం అంటున్నారుగా అన్నయ్యా? పైన ఉన్నవాటి మీద అత్తరు చల్లేశాం. ఆగమను, చల్లనివి ఏరి ఇస్తాను." ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల కోసం, సొంత కొడుకు పెళ్ళి పనిలో ఉన్న తల్లి, పూలు ఒక్కొక్కటి వాసన చూసి వేరు చేసింది. ఆవిడ మొహం నేను చూడలేదు. నమస్కారం తెరకే పెట్టాను.

పొట్లం చేతికిస్తూ వ్యాపారి అన్నాడు. "వాడిపోతే మాత్రం వాపసు తేవొద్దు సుమా."

షామియానా కింద ఉన్నవాళ్ళంతా నవ్వారు. బాబాయి గారు కూడా నవ్వారు. అదీ గుర్తుంది.

మిగతా గుమ్మాలన్నీ చెప్పను. ఎక్కడా లేదన్నవాళ్ళు లేరు. మూరతో సరిపెట్టినవాళ్ళూ లేరు. నేనెవరో తెలియని ఒక పెళ్ళింట్లో ఒక ముసలావిడ గూట్లో ఆకులో చుట్టిపెట్టుకున్న కనకాంబరాల మాల కూడా తెచ్చి, "కొప్పులో పెట్టుకోలేదు నాయనా, నమ్ము, ఇంకా కొత్తదే" అని నా చేతిలో పెట్టింది. ప్రతిచోటా బాబాయి గారు నా కన్నా ముందు బండి దిగి "తప్పు నాదండీ" అనేవారు. తప్పు ఆయనదే, నిజమే. అయినా ఆ స్థాయి మనిషి అన్ని గుమ్మాల ముందు ఆ మాట అంత బిగ్గరగా అనగలగడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

తిరిగొచ్చేసరికి వెనక వరండాలో పెళ్ళికూతురు కూర్చుని ఉంది. బుగ్గన నలుగు పసుపు ఇంకా ఆరలేదు. పక్కన తల్లి, ఒళ్ళో గుడ్డపూల పెట్టె. పూలక్క ఆడవాళ్ళందరి చేతా మజ్జిగతో చేతులు రుద్ది కడిగించి వరసలో కూర్చోబెట్టింది.

"నేనే చూస్తాను" అంది అమ్మాయి. పాత భాగస్వామి ఇచ్చిన కాగడాలు పీల్చింది. "తర్వాతది." సెహరాలో పూలు. "తర్వాతది." తెల్ల చామంతులు. "తర్వాతది."

తర్వాతి మాలలో ఎవరో మధ్య మధ్య మరువం కట్టారు. నేను చూసుకోలేదు. దగ్గు తెర వచ్చింది. తల్లి చెయ్యి పెట్టె మూత మీదికి వెళ్ళింది. మాట మాటే. అమ్మాయి ఒక చెయ్యి పైకెత్తి ఆగమంది. మందు పీల్చింది. ఆమె భుజాలు ఎగిసిపడటం, మెల్లగా దిగడం చూస్తూ అంతమంది ఆడవాళ్ళు చేతిలో నార పట్టుకుని కదలకుండా కూర్చున్నారు. బాబాయి గారు గోడకి తిరిగి నిలబడ్డారు.

ఊపిరి వచ్చింది. "ఆ ఒక్కటి తీసెయ్యండి" అంది. గొంతు బొంగురుపోయింది. వాళ్ళమ్మ వైపు చూడకుండానే, "తర్వాతది" అంది.

తల్లి కూతురి నుదుటి చెమట తుడిచింది. పెట్టె మూత తనే నొక్కి మూసి, కుర్చీ కిందికి తోసేసి, "జడ ఎవరు వేస్తారు? ఆలస్యమవుతోంది" అంది.

అన్నీ విప్పి మళ్ళీ కట్టే సమయం లేదు. రకరకాల చేతులు కట్టిన మాలలు ఉన్నవి ఉన్నట్టే జడకీ, పెళ్ళి దండలకీ అతికించాం. ఒకచోట ముడులు దగ్గర దగ్గరగా, ఒకచోట దూరంగా. పూలక్కకు అది నచ్చక గొణుగుతూనే ఉంది. జడ మాత్రం నడుము కిందికి దిగింది.

మంటపానికి పూలు మిగల్లేదు. అరటి చెట్లు, మామిడాకులు, అంతే. మగపెళ్ళివారిలో గోధుమరంగు కోటు వేసుకున్న ఒకాయన, "ఇంత పెద్దింటి పెళ్ళి, డెకరేషన్ వాడెవడో గానీ ఏమీ చెయ్యలేదే" అన్నాడు, నా పక్కనే నిలబడి. ఆ కోటు ఎక్కడ కనిపించినా పోల్చగలను.

దండలు మార్చుకునే వేళ వచ్చింది. పెళ్ళికొడుకు దండ వేశాడు. అమ్మాయి తల వంచింది. ముక్కు సరిగ్గా కాగడాల్లోకి దిగింది. కావాలనే దించింది. గుండెలనిండా పీల్చింది. స్తంభం పక్కన నేనూ, వెనకాల పూలక్కా, అటువైపు బాబాయి గారూ, ఎవరికీ ఊపిరి లేదు. అమ్మాయి మెల్లగా ఊపిరి వదిలి, తలెత్తి, తర్వాతది ఏంటన్నట్టు పురోహితుడి వైపు చూసింది.

బాబాయి గారు ఏడవడానికి పందిరి బయటికి వెళ్ళారు.

భోజనాలయ్యాక మంటపం వెనక మెట్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది పూలక్క. గిన్నెలో మజ్జిగ పోసుకుని మండే వేళ్ళు ముంచుకుంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళ పరిచయంలో ఒక్క మంచి మాట అనలేదు, ఈ రోజైనా అంటుందేమోనని చూశాను.

"నీ ముక్కు దేనికీ పనికిరాదు" అంది. వేళ్ళు మజ్జిగలోంచి తీసి పమిటకు తుడుచుకుంటూ, "కాళ్ళు ఫర్లేదు" అంది.

ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోను కూడా. కాకపోతే నాకు జరిగిన అవమానాలన్నిట్లో, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ నా అంతట నేను చెప్పుకునేది ఇదొక్కటే.